అన్న తరగతిలో చెల్లెలు

పుట్టినప్పుడు రెండు అరచేతుల్లో ఇమిడిపోయేంతే ఉండేదట. "రవ్వంత పిల్ల" అని తండ్రి అన్న మాటే పేరైపోయింది. కాలేజీ రికార్డుల్లో వేరే పేరుంది గానీ, దాంతో పిలిచినవాళ్లు లేరు. ఇంట్లోనూ బయటా ఆమె రవ్వే.

తండ్రి లారీల మెకానిక్. ఊరి చివరి వీధిలో, పెద్ద రోడ్డు పక్కన షెడ్డు, దాని మీద రెండు గదులు, పక్కనుంచి ఎక్కడానికి ఇనుప మెట్లు. డ్రైవర్లంతా ఆయన్ని మేస్త్రీ అనేవారు. ఇద్దరు పట్టాల్సిన గేరుబాక్సును ఒక్కడే ఛాతీకి ఆనించుకుని దించే మనిషి. ఆ చేతులతోనే కొడుకును పెంచాడు. పెంచాడంటే కొట్టి పెంచాడు.

షెడ్డు స్తంభానికి పాత ఫ్యాన్ బెల్టు ఒకటి వేలాడుతూ ఉండేది. అది ఏ లారీకీ పనికిరాదు. కొడుకు కోసమే దాచింది. లెక్కల్లో మార్కులు తగ్గినా, చెప్పిన పని మరిచిపోయినా, ఎదురు మాట్లాడినా, మాట్లాడకుండా నిలబడినా ఆ బెల్టు దిగేది. "మొక్కై వంగనిది మానై వంగుతుందా?" అనేవాడు మేస్త్రీ, చొక్కా చేతులు మడుచుకుంటూ. స్పేర్ పార్టుల బల్ల దగ్గర కూర్చునే తల్లి అప్పుడు లేచి, టైర్లకు గాలి పట్టే కంప్రెసర్ ఆన్ చేసేది. ఆ మోతలో కొడుకు అరుపులు వీధిలోకి పోయేవి కావు. ఇంటి గుట్టు ఇంట్లోనే ఉండేది.

రవ్వ మీద మాత్రం ఒక్క దెబ్బ పడలేదు. "ఆడపిల్ల మీద చెయ్యెత్తను. అది నా నియమం," అని మేస్త్రీ కస్టమర్లకు గొప్పగా చెప్పుకునేవాడు. ఆమె చేసిన తప్పులకు కూడా దెబ్బలు పెద్దోడికే. పెద్దోడంటే అన్న, ఆమెకంటే ఒక్క ఏడాదే పెద్ద. ఓసారి రవ్వ ఆడుకుంటూ ఒక లారీ హెడ్‌లైటు పగలగొట్టింది. "ఎవరు?" అని తండ్రి గర్జించగానే పెద్దోడు ఒక అడుగు ముందుకు వేశాడు. ఆ సాయంత్రం మెట్ల కింద కూర్చుని వాతలకు గ్రీజు రాసుకుంటూ, "ఏడవకే. నాకు అలవాటే కదా," అన్నాడు. కాలిన గాయానికి గ్రీజు రాస్తారని ఎక్కడో విన్నాడు. బెల్టు దెబ్బ కూడా మండుతుంది కాబట్టి అదీ కాలిన గాయమే అనుకున్నాడు.

అలాంటి అన్న అతను. ఇది గుర్తుంచుకుంటే గానీ తర్వాత జరిగింది అర్థం కాదు.

పెద్దోడు విశ్వవిద్యాలయంలో లోహశాస్త్రం చదవడానికి చేరాడు. ఏ లోహం ఎంత బరువు మోస్తుంది, ఎక్కడ పగులుతుంది, ఎందుకు పగులుతుంది అన్న చదువు. మరుసటి ఏడు రవ్వ కూడా అందులోనే చేరింది. అతను కష్టపడి చదివేవాడు, నెమ్మదిగా చదివేవాడు. ఆమెకు ఒక్కసారి వింటే చాలు. ఇద్దరూ వేర్వేరు తరగతులు కాబట్టి ఆ తేడా ఇంట్లో ఎవరి కంటా పడలేదు. నాలుగేళ్లకు పెద్దోడు డిగ్రీ పూర్తి చేసి, అక్కడే పీజీలో చేరాడు. మేస్త్రీ ఆ రోజు షెడ్డుకు సెలవిచ్చి, "మా వాడు పెద్ద చదువు చదువుతున్నాడు," అని వచ్చిన ప్రతి డ్రైవరుకూ చెప్పాడు.

ఆ ఏడాదే విశ్వవిద్యాలయం ఒక కొత్త పథకం పెట్టింది. మామూలుగా డిగ్రీకి నాలుగేళ్లు, ఆపైన పీజీకి రెండేళ్లు. కొత్త పథకంలో మంచి మార్కులున్నవాళ్లు డిగ్రీ నాలుగో ఏడులోనే పీజీ క్లాసులకు వెళ్లొచ్చు. ఆ మార్కులు డిగ్రీకీ పనికొస్తాయి, పీజీకీ పనికొస్తాయి. ఒక దెబ్బకు రెండు పిట్టలు. ఆరేళ్ల చదువు ఐదేళ్లలో ముగుస్తుంది. పథకం నడిపే డీన్ మేడమ్ రవ్వను పిలిచి, "నువ్వు చేరకపోతే ఈ పథకం ఎవరికోసం పెట్టినట్టు?" అంది.

రవ్వ ఎగిరి గంతేసినంత పనిచేసింది. ఇంటికి వచ్చి చెప్పేదాకా ఒక్క సంగతి ఆమెకు తట్టలేదు. ఆమె వెళ్లబోయే పీజీ క్లాసు అన్నయ్య కూర్చునే క్లాసే.

"అంటే ఇద్దరూ ఒకే క్లాసులోనా?" అన్నాడు మేస్త్రీ, చేతులు గుడ్డతో తుడుచుకుంటూ.

"అవును నాన్నా."

"ఇద్దరూ ఒకేసారి పూర్తి చేస్తారా?"

"అవును."

మేస్త్రీ కొడుకు వైపు తిరిగాడు. "ముందొచ్చిన చెవులకంటే వెనకొచ్చిన కొమ్ములు వాడి అంటారు. చూద్దాం, మనింట్లో ఏది వాడో."

నవ్వుతూనే అన్నాడు. పెద్దోడు కూడా నవ్వాడు. కానీ ఆ రాత్రి భోజనం సగంలో వదిలేసి లేచిపోయాడు.

*

క్లాసులో పెద్దోడు కిటికీ పక్కన కూర్చునేవాడు, రవ్వ ముందు వరసలో. పథకంలో చేరినవాళ్లను మిగతా పీజీవాళ్లు షార్ట్‌కట్ బ్యాచ్ అని ఎగతాళి చేసేవారు. రవ్వ పట్టించుకునేది కాదు. బోర్డు మీద లెక్క ఆగిపోతే డీన్ మేడమ్ వెతికే కళ్లు చివరికి ఆమె దగ్గరే ఆగేవి. రవ్వ లేచి వెళ్లి చేసి వచ్చేది. వచ్చేటప్పుడు కిటికీ వైపు చూడకుండా వచ్చేది.

మొదటి పరీక్షల్లో ఆమె క్లాసులో అందరికంటే పైన. పెద్దోడు పాసయ్యాడు, అంతే.

మేస్త్రీ ఇద్దరినీ షెడ్డులో నిలబెట్టి మార్కులు అడిగాడు. రవ్వ తనవి చెప్పింది. పెద్దోడు తనవి చెప్పాడు. మేస్త్రీ స్తంభం దగ్గరికి నడిచాడు.

"నాన్నా, వద్దు. పేపరు కష్టంగా వచ్చింది," అంది రవ్వ.

"నీకు రాలేదే కష్టంగా?"

ఇరవై రెండేళ్ల కొడుకు. గడ్డం వచ్చినవాడు. తండ్రికంటే బెత్తెడు పొడుగు. తిరిగి ఒక్క తోపు తోస్తే మేస్త్రీ వెల్లకిలా పడేవాడే. కానీ పెద్దోడు చొక్కా విప్పి, లారీ బానెట్ మీద రెండు చేతులూ ఆనించి, చిన్నప్పుడు ఎలా నిలబడేవాడో అలాగే నిలబడ్డాడు. కంప్రెసర్ మోత మొదలైంది. బెల్టు వీపును చుట్టుకుని పక్కటెముకల మీద పడుతుంటే అతను అరవలేదు. దెబ్బ దెబ్బకూ మేస్త్రీ, "చెల్లెలు! నీ చెల్లెలు! చిన్నది!" అంటున్నాడు. ఆ మాట పడ్డప్పుడు మాత్రం అతని భుజాలు వణికాయి.

రవ్వ పైకి పరుగెత్తింది. కాసేపటికి పెద్దోడు కూడా పైకి వచ్చాడు. వీపుకు చొక్కా అంటుకుపోయి ఉంది. ఆమె నీళ్లూ గుడ్డా తీసుకుని ఎదురు వెళ్లింది. అతను ఆమె జుట్టు పట్టుకుని ఇనుప బీరువాకేసి కొట్టాడు.

ఒక్కసారే. బీరువా తలుపు సొట్టపడింది. నుదుటి మీంచి రక్తం కంట్లోకి కారింది.

"ఒక్క ఏడాది ఆగితే నీ సొమ్మేం పోయేది?" అన్నాడు. గొంతు చాలా మెల్లగా ఉంది. "నా వెనకే రావచ్చుగా. నీకు అన్నీ తొందరే."

రవ్వ తల్లికి చెప్పింది. తల్లి దూది, మందు తెచ్చి గాయం తుడిచింది. "వాడి బాధ వాడిది. నాన్నకు చెప్పకు. చెప్తే వాణ్ని చంపేస్తాడు," అంది. అది నిజమే. చెప్తే నిజంగానే చంపేలా కొడతాడు. అందుకని క్లాసులో ఎవరైనా అడిగితే "మెట్ల మీద జారాను" అని చెప్పింది.

గోడ దెబ్బ, చెంప దెబ్బ అంటారే, ఆ ఏడాదంతా ఇంట్లో అదే నడిచింది. ఆమె పైకి వెళ్లే కొద్దీ అతనికి బెల్టు. అతనికి బెల్టు పడ్డ ప్రతిసారీ ఆమెకు గుద్దులు. చెవి పట్టి మెలితిప్పేవాడు, బట్టల మాటున కనిపించని చోట పిడికిలితో పొడిచేవాడు. ఒకసారి ఆమె పుస్తకాల సంచి రోడ్డు మీద వెళ్తున్న లారీ కిందికి విసిరాడు. మళ్లీ మర్నాడు అతనే వెళ్లి, సెకండ్‌హ్యాండ్ దుకాణాలన్నీ తిరిగి, ఆ పుస్తకాలే వెతికి తెచ్చి ఆమె మంచం మీద పెట్టాడు.

క్యాంటీన్లో ఒక క్లాసుమేటు నోరు జారాడు. పొట్టిగా, ఎప్పుడూ నవ్విస్తూ ఉండే కుర్రాడు. "ఏం బాస్, సాయంత్రం ట్యూషన్ చెల్లెలి దగ్గరేనా? ఫీజు తగ్గిస్తుందా?" అన్నాడు. పెద్దోడు టీ గ్లాసు బల్ల మీద జాగ్రత్తగా పెట్టి లేచాడు. ఆ కుర్రాడి తల వెనక చెయ్యేసి, మూతిని బల్ల అంచుకు కొట్టాడు. రెండు పళ్లు ఊడి ప్లేట్లో పడ్డాయి. విడదీయడానికి వచ్చినవాడి మోచేయి విరగబోయింది. పెద్దోడిని కొన్నాళ్లు క్లాసుకు రాకుండా చేశారు. ఇంట్లో మేస్త్రీ ఈసారి బెల్టు కాదు, కాళ్లతో తొక్కాడు.

రవ్వ అదంతా మెట్ల మీంచి చూసింది. ఆ రోజే ఒక నిర్ణయానికి వచ్చింది.

*

తర్వాతి పరీక్షలో ప్రశ్నపత్రం చూడగానే అన్నీ వచ్చినవేనని ఆమెకు తెలిసిపోయింది. రెండు పెద్ద ప్రశ్నలు వదిలేసింది. మూడోది సగం రాసి, కలం మూసి, కిటికీలోంచి బయటకు చూస్తూ కూర్చుంది. రాని ప్రశ్నను వదలడం తేలికే. వచ్చిన జవాబు వేళ్ల చివర దాకా వచ్చి ఆగితే, చెయ్యి మొత్తం తిమ్మిరెక్కినట్టు ఉంటుందని ఆమెకు ఆ రోజు తెలిసింది.

ఫలితాలు వచ్చాయి. పెద్దోడి మార్కులు ఆమె మార్కుల కంటే ఎక్కువ.

మేస్త్రీ రెండుసార్లు అడిగి చెప్పించుకున్నాడు. ఆ తర్వాత కొడుకు భుజం మీద చెయ్యి వేశాడు. పెద్దోడు అలవాటు కొద్దీ ముడుచుకుపోయాడు. దెబ్బ పడలేదు. "శభాష్‌రా," అన్నాడు మేస్త్రీ. పెద్దోడు ఏం చెయ్యాలో తెలియక చేతుల వంక చూసుకున్నాడు.

ఆ వారం రవ్వకు చిన్నప్పటి అన్నయ్య తిరిగి వచ్చాడు. కాలేజీకి బైకు మీద ఎక్కించుకుని వెళ్లాడు. దారిలో గట్టిగా పాడాడు కూడా, శ్రుతీ లయా లేకుండా. "ఒక్కోసారి అలా అవుతుందిలే. నీకు రాని చోట నన్నడుగు. సిగ్గుపడకు," అన్నాడు. ఆమె వెనక కూర్చుని, "సరే అన్నయ్యా," అంది. అతని వీపు మీది పాత వాతలు చొక్కాలోంచి ఆమె చెంపకు తగులుతున్నాయి. ఇకమీదట జన్మంతా రెండు ప్రశ్నలు వదిలెయ్యమన్నా వదిలేస్తాను అనుకుంది.

కానీ పథకంలో ఉండాలంటే మార్కులు ఒక గీత కిందికి దిగకూడదు. దిగితే పేరు తీసేస్తారు. డీన్ మేడమ్ పేపర్లు క్లాసులో ఇస్తూ రవ్వ దగ్గర ఆగింది.

"ఏంటమ్మా ఇది? రెండు ప్రశ్నలు ముట్టుకోనే లేదు. ఇంకోటి సగంలో ఆపావు."

"రాలేదు మేడమ్."

"నాతో అబద్ధం చెప్పకు. ఈ రెండూ పరీక్షకు ముందు వారం ఇదే బోర్డు మీద నువ్వే చేశావు. నేను నోట్సు చూసుకుంటుంటే నువ్వు చూడకుండా చేశావు. రాక వదల్లేదు, కావాలని వదిలావు. ఎవరి కోసం?"

వెనక వరసలో ఎవరో చిన్నగా ఈల వేశారు. ఒక్కొక్క తలా కిటికీ వైపు తిరిగింది. రవ్వ తిరగలేదు. బెంచీ కదిలిన చప్పుడు, తలుపు కొట్టుకున్న చప్పుడు విన్నది.

*

ఆమె ఇంటికి వచ్చేసరికి పెద్దోడు షెడ్డులో ఉన్నాడు. మేస్త్రీ ఒక లారీకి బ్రేకులు సరిచూడ్డానికి రోడ్డు మీదికి తీసుకెళ్లాడు. తల్లి స్పేర్ పార్టుల బల్ల దగ్గర ఉంది.

"ఇటు రా," అన్నాడు పెద్దోడు.

"అన్నయ్యా, నేను చెప్పేది విను—"

"ఏ చేత్తో వదిలేశావ్?"

ఆమెకు అర్థం కాలేదు.

"రాసే చెయ్యి ఏది?"

పనిబల్ల చివర బిగించి ఉండే వైస్ మెకానిక్కులందరి దగ్గరా ఉంటుంది. ఇనుప దవడల మధ్య వస్తువును పెట్టి, పిడి తిప్పి కదలకుండా బిగిస్తారు. అతను ఆమె కుడి మణికట్టు పట్టి లాగి, అరచేతిని ఆ దవడల మధ్య పెట్టాడు. ఆమె అనుకోలేదు, అతను నిజంగా తిప్పుతాడని చివరి క్షణం దాకా అనుకోలేదు.

"దెబ్బలు నాకు కొత్త కాదే. నాన్న కొడితే ఒళ్లు నొప్పి. అంతే. నువ్వు నాకు బిచ్చం వేశావు." అతని కళ్లల్లోంచి నీళ్లు కారుతున్నాయి. పిడి తిప్పుతూనే ఉన్నాడు. "వారం రోజులు పాట పాడుకున్నాను నేను. నిన్ను బండి మీద కూర్చోబెట్టుకుని పాట పాడాను!"

ఎముక విరిగిన చప్పుడు ఆమెకు వినిపించింది. ఎండుకట్టె విరిచినట్టు, ఒకటి, దాని వెంటే ఇంకొకటి. అరుపు తనదేనని తెలియడానికి కొంచెం సేపు పట్టింది.

అదే సమయానికి లారీ లోపలికి వచ్చింది. మేస్త్రీ తలుపు తీసి దూకాడు. ఒక చూపులో అంతా చూశాడు. జాకీ రాడ్డు అందుకుని కొడుకు నడుం మీద కొట్టాడు. పెద్దోడు మోకాళ్ల మీద కూలాడు. రెండోది భుజం మీద, మూడోది తల పక్కన. చెవి చిట్లింది. పెద్దోడు చేతులు అడ్డం పెట్టుకోలేదు. "కొట్టు," అంటున్నాడు నేలకేసి చూస్తూ. "కొట్టు నాన్నా, కొట్టు."

తల్లి లేచి కంప్రెసర్ వైపు వెళ్లింది. స్విచ్ మీద చెయ్యి వేసింది.

"అమ్మా!" అని కేక పెట్టింది రవ్వ. "దాన్ని వెయ్యకు! వచ్చి నన్ను విప్పు!"

తల్లి అక్కడే ఒక్క క్షణం నిలబడింది. తర్వాత పరుగెత్తుకుంటూ వచ్చి వైస్ పిడి పట్టుకుంది. కంగారులో తప్పు వైపు తిప్పింది. దవడలు ఇంకా బిగుసుకున్నాయి. రవ్వకు కళ్లు బైర్లు కమ్మాయి. తల్లి "అయ్యో, అయ్యో" అంటూ రెండో వైపు తిప్పింది. చెయ్యి దవడల్లోంచి బయటికి వచ్చింది. అది చెయ్యిలా లేదు.

మేస్త్రీ రాడ్డు మళ్లీ పైకెత్తాడు. ఈసారి నేరుగా తల మీదికి. ఆ దెబ్బ పడితే కొడుకు బతకడని చూస్తున్న ఎవరికైనా తెలుస్తుంది. రవ్వ ఎడమ చేత్తో బల్ల మీది చక్రాల పానా అందుకుంది. బరువైన ఇనుము. రెండు అడుగులు వేసి, ఎత్తిన తండ్రి మోచేతి మీద బలమంతా పెట్టి కొట్టింది. రాడ్డు జారి కింద పడింది. మేస్త్రీ వెనక్కి తిరిగి, కూతురిని చూసి, నమ్మలేనట్టు నోరు తెరిచాడు.

ఆమె మళ్లీ కొట్టింది. అదే మోచేతి మీద.

మొదటి దెబ్బ ఆపడానికి. రెండోది ఎందుకో ఆమె తర్వాత ఎన్నోసార్లు ఆలోచించింది. రాడ్డు అప్పటికే కింద పడిపోయింది. రెండో దెబ్బ అక్కర్లేదు. కానీ వేసినప్పుడు ఒళ్లంతా ఒక హాయి పాకింది. ఇన్నేళ్లూ నాన్న ఎందుకు కొట్టాడో, అన్నయ్య ఎందుకు కొట్టాడో ఆ హాయిలో ఆమెకు తెలిసింది. తెలిసి భయం వేసింది. పానా కింద పడేసి గోడ వారకు జారి కూర్చుంది.

కంప్రెసర్ మోగలేదు. అందుకని వీధి వీధంతా షెడ్డు ముందుకు వచ్చి నిలబడింది.

*

ముగ్గురినీ ఒకే ఆసుపత్రికి తీసుకెళ్లారు. డ్యూటీ డాక్టరు పడుచుమనిషి. ఒకేసారి వచ్చిన మూడు స్ట్రెచర్లను చూసి, "యాక్సిడెంటా? ఏ బండి?" అని అడిగింది.

"బండి కాదండీ," అంది రవ్వ. "మా ఇల్లు."

సాయంత్రం కానిస్టేబులు వచ్చాడు. తల్లి అతనికి ఎదురు వెళ్లి, "మెట్ల మీంచి పడ్డారు బాబూ," అంది.

"ముగ్గురూనా?"

"ఇనుప మెట్లు. జారతాయి."

"ఒకళ్ల తర్వాత ఒకళ్లు, వరసగానా?" కానిస్టేబులు టోపీ తీసి తల గోక్కున్నాడు. "అమ్మా, నా సర్వీసులో చాలా మెట్లు చూశాను. చేతిని ఇలా నలిపే మెట్లు చూళ్లేదు."

"అమ్మా, ఊరుకో," అంది రవ్వ పడక మీంచి. "నేను చెప్తాను."

అంతా చెప్పింది. బీరువా సంగతి, ఫ్యాన్ బెల్టు సంగతి, వదిలేసిన ప్రశ్నల సంగతి, వైస్ సంగతి. "నాన్న చెయ్యి విరగ్గొట్టింది నేనే. రెండుసార్లు కొట్టాను. అది కూడా రాసుకోండి," అంది. పక్క వార్డులో పెద్దోడిని అడిగితే, "అది చెప్పిందంతా నిజం. ఇంకా తక్కువే చెప్పింది," అన్నాడట.

కానిస్టేబులు వెళ్లాక తల్లి మంచం అంచున కూర్చుంది.

"ఇంట్లో మగవాళ్లిద్దరినీ ఒక్క పూటలో రోడ్డున పడేశావే."

"నువ్వు అది ఎందుకు వేసేదానివమ్మా? కంప్రెసర్."

"వీధికి వినపడకూడదని అనుకునేదాన్ని," అంది తల్లి. "అది కాదు. వెయ్యకపోతే నేను వినాల్సి వచ్చేది." తర్వాత కూతురి కట్టు కట్టిన చేతిని ఒళ్లో పెట్టుకుని, "తప్పు వైపు తిప్పాను కదే," అని ఏడ్చింది. అంతకు ముందు ఆమె ఏడవగా రవ్వ చూడలేదు.

డీన్ మేడమ్ కూడా చూడ్డానికి వచ్చింది. కుర్చీలో కూర్చుని, లేచి, మళ్లీ కూర్చుంది. "అందరి ముందు అడగకుండా ఉండాల్సింది," అంది.

"మీరు అడిగింది నిజమే మేడమ్. నేను చేసిందే అబద్ధం."

"నువ్వు చెప్తుంటే పరీక్ష రాయడానికి మనిషిని ఇస్తాం. ఒక్క సెమిస్టరు వదిలినా పథకంలోంచి పేరు పోతుంది. నా చేతుల్లో లేదు."

రవ్వ తన చేతి వంక చూసింది. ఇంకా ఆపరేషన్లు ఉన్నాయని డాక్టరు చెప్పింది. "పోనివ్వండి మేడమ్. ఇంక పరుగెత్తలేను," అంది.

*

అలా ఐదేళ్లలో అవ్వాల్సిన చదువు ఆమెకు ఎనిమిదేళ్లు పట్టింది. చిటికెన వేలు, ఉంగరం వేలు ఇక మడవలేదు. పిన్ని ఇంట్లో ఉండి ఎడమ చేత్తో అక్షరాలు దిద్దుకుంది, పలక పట్టిన పిల్లలా. డిగ్రీ ముగించింది. ఇనుప కడ్డీలను పరీక్షించే ఒక కేంద్రంలో ఉద్యోగం చేసింది. ఆ తర్వాత మళ్లీ వెళ్లి, అందరిలాగే రెండేళ్లు కూర్చుని పీజీ చదివింది. ఈసారి ఒక్క ప్రశ్న కూడా వదల్లేదు. పట్టా తీసుకున్న రోజున తల్లి ఒక్కతే వచ్చింది. ఆ తర్వాత రవ్వ పాత కేంద్రంలోనే మళ్లీ చేరింది.

కోర్టులో పెద్దోడు ఏమీ దాచలేదు. "నేనే తిప్పాను," అన్నాడు. జైలుకు వెళ్లాడు. మేస్త్రీ మీద కూడా కేసు నడిచింది గానీ, వయసూ విరిగిన చెయ్యీ చూసి హెచ్చరికతో వదిలారు. మోచెయ్యి సరిగ్గా అతుక్కోలేదు, భుజం దాటి పైకి లేవదు. షెడ్డు ఇప్పుడు తల్లి నడుపుతోంది, ఇద్దరు మెకానిక్కులను పెట్టుకుని. "చెయ్యెత్తను, చెయ్యెత్తను అని ఊరంతా చెప్పుకునేవాడు. దేవుడు విన్నాడు," అని ఆమె మొగుడి ముందే అంటుంది. ఆయన వినపడనట్టు రోడ్డు వైపు చూస్తూ కూర్చుంటాడు. రవ్వ వెళ్తే కూడా అటే చూస్తాడు. ఒకసారి మాత్రం, ఆమె తిరిగి వెళ్తుంటే, "ఎడమ చేత్తో కొట్టింది," అని పక్కనున్న డ్రైవరుతో అన్నాడు. అది నిష్ఠూరమో గొప్పో ఆ డ్రైవరుకూ అర్థం కాలేదు.

జైలు నుంచి వచ్చాక పెద్దోడు ఇంటికి వెళ్లలేదు. ఓడరేవులో పడవల ఇంజన్లు బాగుచేసే పనిలో చేరాడు. చాలా కాలం తర్వాత ఒక మధ్యాహ్నం చెప్పాపెట్టకుండా రవ్వ పనిచేసే కేంద్రానికి వచ్చాడు. సన్నబడ్డాడు. ఒక చెవి ముడుచుకుపోయి ఉంది. ఆమె లేచి నిలబడింది. లేచినప్పుడు తాను బల్లకు అవతలి వైపుకు జరిగానని ఆమె గమనించింది. అతనూ గమనించాడు.

"భోంచేశావా?" అన్నాడు.

"చేశాను. నువ్వు?"

"దారిలో తిన్నాను." గుమ్మం దగ్గరే ఆగాడు. "చెయ్యి చూపించు."

చూపించింది, దూరం నుంచే. అతను చూసి, గోడ వైపు తిరిగి, నుదురు గోడకేసి కొట్టుకున్నాడు. మళ్లీ కొట్టుకోబోయాడు.

"ఆపు!" అంది రవ్వ. పక్క గదుల్లోంచి తలలు బయటికి వచ్చాయి. "ఇది నా ఆఫీసు. ఇక్కడ కొట్టుకోవడాలు లేవు. ఎవర్నీ కొట్టకు, నిన్ను కూడా. కొట్టుకోవాలనుంటే ఇప్పుడే వెళ్లిపో."

అతను ఆగాడు. చొక్కా చేత్తో మొహం తుడుచుకున్నాడు. "నేను క్షమించమని రాలేదు," అన్నాడు.

"నేను క్షమించలేదు."

"తెలుసు." తర్వాత, "నాకా చదువు నిజంగా వచ్చేది కాదే. ఇంజన్లు వస్తాయి. నాన్నకు ఆ ముక్క చెప్పలేక అంతా చేశాను," అన్నాడు.

"నాక్కూడా చెప్పలేదు నువ్వు."

"చదువులో నీకంటే ఒక ఏడాది ముందున్నానని తప్ప నాకింకేం ఉండేది?"

ఇద్దరూ బయటికి నడిచి, రోడ్డు దాటి, టీ కొట్టు ముందు నిలబడి టీ తాగారు. పడవ ఇంజన్లలో ఉప్పునీటికి ఏ లోహం త్వరగా తుప్పు పడుతుందో అతను అడిగాడు, ఆమె చెప్పింది. అతను శ్రద్ధగా విన్నాడు, ఒకచోట అర్థం కాక మళ్లీ అడిగాడు. రాలేదని ఒప్పుకోవడానికి అతను మొహమాటపడకపోవడం ఆమె మొదటిసారి చూసింది.

ఇప్పుడు ఏడాదికి ఒకటి రెండుసార్లు వస్తాడు. ఆ టీ కొట్టు దగ్గరే కలుస్తారు, లేకపోతే బస్టాండు బెంచీ మీద, నలుగురూ తిరిగే చోట. తలుపు మూసిన గదిలో మాత్రం ఇద్దరూ కూర్చోరు. ఆ షరతు ఆమె పెట్టింది కాదు. అతనే పెట్టాడు.